తాతల పేర్లు – నామకరణ సంప్రదాయము



శిశువు జన్మించిన పదునొకండవ దినమున పుణ్యాహవాచనము జరిపి, పళ్ళెములో బియ్యము పోసి, దానిపై బంగారు ఉంగరముతో పేరు వ్రాయుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పిమ్మట తండ్రి ఆ పేరును బిడ్డ కుడిచెవిలో ముమ్మారు పలుకును. చూచుటకు ఇది గడియసేపటి తంతు. అయినను ఆ బియ్యముపై ఏ అక్షరములు వ్రాయవలెనను విషయమున నేడు అనేక కుటుంబములలో పెద్దలకును పిల్లలకును మనస్పర్థలు కలుగుచున్నవి. అందుచేత నేటి ప్రసంగమునకు నామకరణ సంప్రదాయమును విషయముగా గ్రహించితిమి.

కొంతకాలము క్రిందట మా ఆలయ మండపములో ఒక నామకరణము జరిగినది. పురోహితులు ఉంగరమును అందించి, "పేరు చెప్పండి" అనిరి. శిశువు తాతగారు ఏ మాత్రము తడుముకొనక, "మా నాన్నగారి పేరు, పుల్లయ్య" అనిరి. శిశువు తండ్రి తల వంచుకొని, "నాన్నగారూ, ఈ రోజుల్లో ఆ పేరేమిటండీ? బడిలో పిల్లలు నవ్వుతారు. జన్మంతా మోయవలసినవాడు వాడు గదా" అనెను. పిల్లవాని అమ్మమ్మగారు మెల్లగా, "అన్నయ్యగారూ, దేవుడికి వేయి పేర్లున్నాయి. అందులో ఒకటి పెట్టుకుందాం" అనిరి. తాతగారు మాటాడలేదు. బాలెంతరాలు బిడ్డను ఒడిలో పెట్టుకొని అందరి ముఖములను చూచుచుండెను. ముహూర్తము దాటిపోవుచున్నదని పురోహితులకు ఆందోళన. ఆ ముహూర్తము ఎట్లు ముగిసినదో చివర మనవి చేసెదము. ముందుగా ఈ తగవులో శాస్త్రము ఎవరి పక్షమున నున్నదో విచారింతము.

శాస్త్రము చెప్పునది

షోడశ సంస్కారములలో నామకరణము ఒకటి. గృహ్యసూత్రకారులు దీనికి కొన్ని నియమములు చెప్పిరి. మగబిడ్డ పేరు రెండు లేక నాలుగు అక్షరములు కలదిగా ఉండవలెననియు, ఘోషాక్షరముతో మొదలై నడుమ య, ర, ల, వ వంటి అంతస్థములు గలదిగా ఉండవలెననియు పారస్కరుడు విధించెను. ఆడబిడ్డ పేరునకు బేసి అక్షరములు చెప్పబడినవి. లోకములో స్థిరత్వము కోరువాడు తన కుమారునకు రెండక్షరముల పేరును, బ్రహ్మవర్చస్సు కోరువాడు నాలుగక్షరముల పేరును పెట్టవలెనని ఆశ్వలాయనుడు చెప్పెను. స్త్రీల పేర్లు సులభముగా పలుకదగినవిగా, కఠినత్వము లేనివిగా, అర్థము స్పష్టమై మనోహరముగా, మంగళకరముగా ఉండవలెనని మనుస్మృతి చెప్పుచున్నది.

క్రీస్తు పూర్వము 2వ శతాబ్దివాడైన పతంజలి మహర్షి తన మహాభాష్యమున మొదటి ఆహ్నికములోనే యాజ్ఞికుల నామకరణ నియమమును ప్రస్తావించెను. వ్యాకరణము ఎందుకు చదువవలెనను ప్రశ్నకు సమాధానము చెప్పుచు, వ్యాకరణము తెలియనివాడు బిడ్డకు పేరైనను సరిగా పెట్టలేడని ఆయన చూపెను. అక్షరముల నియమములతోపాటు అందు ఒక ముఖ్యమైన మాట కలదు. పేరు మూడు తరముల పూర్వపురుషులను అనుసరించునదిగా ఉండవలెను. శత్రువర్గములో నిలిచిన పేరు కారాదు. తాత ముత్తాతల పేర్లు బిడ్డలకు పెట్టు ఆచారమునకు రెండువేల సంవత్సరములకు పూర్వమే ఇట్టి ఆధారము కనబడుచున్నది.

ఇది విని తాతగారి పక్షమే గెలిచినదని తలపరాదు. మన మండపములో వినబడిన పేరునే ఈ నియమములతో పరీక్షింతము. "పుల్లయ్య" అనునది మూడక్షరముల పేరు. మగబిడ్డకు సరి అక్షరములు కావలెను. అది పకారముతో మొదలైనది. పకారము ఘోషాక్షరము కాదు. కనుక మూడు తరముల నియమమునకు సరిపోయిన ఆ పేరు అక్షర నియమములకు సరిపోదు. మరి మనమందరమును ప్రాణసమముగా తలచు "కృష్ణ" నామము సంగతి ఏమి? అదియు ఘోషాక్షరముతో మొదలు కాదు. నడుమ అంతస్థము లేదు. ఆ పేరు పెట్టినవాడు సామాన్యుడు కాడు, యాదవుల పురోహితుడైన గర్గమహాముని. దీనినిబట్టి మన పూర్వులు ఈ నియమములను గౌరవించుచునే, అక్షరములకంటె పెద్దవైన మూడు విషయములకు ప్రాధాన్యము ఇచ్చిరని తెలియుచున్నది. అవి పితృదేవతల స్మరణము, భగవంతుని స్మరణము, బిడ్డ క్షేమము.

రాజవంశములు నిలిపిన పేర్లు

మొదటిదైన పితృస్మరణమునకు మన తెలుగు దేశ చరిత్రయే సాక్షి. క్రీస్తు శకము 3, 4 శతాబ్దులలో నాగార్జునకొండ లోయలోని విజయపురి నుండి పాలించిన ఇక్ష్వాకులలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. ఆయన కుమారుడు వీరపురుషదత్తుడు. ఆ వీరపురుషదత్తుని కుమారుడు మరల ఎహువుల శాంతమూలుడు. తాత పేరు మనుమనికి వచ్చినది.

కాకతీయ వంశములో ఈ ఆచారము మాలలో పూలవలె కనబడును. మొదటి బేతరాజు కుమారుడు మొదటి ప్రోలరాజు. ఆయన కుమారుడు రెండవ బేతరాజు. ఆయన కుమారుడు రెండవ ప్రోలరాజు. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనమును వేయించిన రుద్రదేవుడు ఆ రెండవ ప్రోలరాజు కుమారుడే. బేత, ప్రోల అను పేర్లు నేటివారి చెవులకు ఎంత మోటుగా వినబడునో చెప్పనక్కరలేదు. కాని ఒకనాడు ఓరుగల్లు రాజ్యమునకు పునాది వేసినవారి పేర్లు అవియే.

తాత యనగా తండ్రికి తండ్రి మాత్రమే యనుట కూడ సరి కాదు. వేంగీ చాళుక్య రాజైన విమలాదిత్యుడు చోళ చక్రవర్తి రాజరాజు కుమార్తెయైన కుందవను వివాహమాడెను. వారి కుమారుడే రాజరాజ నరేంద్రుడు. నన్నయభట్టారకునిచే మహాభారతమును తెనిగింపజేసిన ఆ ప్రభువు ధరించినది తన తల్లిని గన్న తాత పేరు. ఆయన తిరిగి రాజేంద్ర చోళుని కుమార్తెయైన అమ్మంగదేవిని వివాహమాడగా వారికి కలిగిన కుమారునకు రాజేంద్రుడను పేరే పెట్టిరి. ఆ బాలుడే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడని ప్రఖ్యాతి గాంచెను. రెండు తరములలో రెండు పేర్లును తల్లివైపు నుండియే వచ్చినవి. అటులే రుద్రమదేవి అనంతరము 1289లో రాజ్యమునకు వచ్చిన ప్రతాపరుద్రుడు ఆమెకు కుమార్తె కుమారుడు. రుద్ర నామము ఆడబిడ్డ కడుపున పుట్టినవానికి చెందినది. అంతకు వేయి సంవత్సరములకు పూర్వమే శాతవాహన ప్రభువు గౌతమీపుత్ర శాతకర్ణి తన పేరునకు ముందు తల్లి పేరునే ధరించియుండెను. కావున "పేరు మా వంశముదే కావలెను" అని వియ్యంకులు వాదులాడుకొనుట మన చరిత్రకు తగినది కాదు.

క్షేత్రములు ఇచ్చిన పేర్లు

రెండవది భగవంతుని స్మరణము. పాత పేర్లని మనము పరిహసించువానిలో పెక్కు పేర్లు ఏదో ఒక కొండకో, కోనకో, గుడికో చెందినవి. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ అనునవి సింహాచల వరాహ నృసింహుని పేర్లు. పెంచలయ్య, పెంచలమ్మ నెల్లూరు సీమలోని పెంచలకోన నరసింహునివి. యాదగిరి, యాదయ్య, యాదమ్మ అను పేర్లు యాదగిరిగుట్టవి. కొమురయ్య కొమురవెల్లి మల్లన్న దయ. కోటయ్య కోటప్పకొండ త్రికోటేశ్వరుని ప్రసాదము. భద్రయ్య భద్రాద్రి రామునివాడు. సమ్మయ్య, సారయ్య అనువారు మేడారపు వనదేవతల బిడ్డలు. నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ బిడ్డ, పైడిరాజు విజయనగరపు పైడితల్లి బిడ్డ. అన్నవరములో 1891లో సత్యదేవుడు వెలసిన తరువాత గోదావరి తీరములందు సత్యనారాయణలు, సత్యవతులు లేని వీధి లేదు.

వేంకటేశ్వర్లు, శ్రీరాములు, ఆంజనేయులు అను పేర్ల చివరనున్న "లు" అను అక్షరమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. తెలుగున ఒక్కరిని గౌరవించి పలుకునపుడు బహువచనము వాడుదుము. రాముడు అనక శ్రీరాములవారు అందుము. ఆ గౌరవమే పేరులో నిలిచిపోయినది. అమరజీవి పొట్టి శ్రీరాములుగారి పేరులో వినబడునది అదియే. బిడ్డ పేరు పలికినప్పుడెల్ల స్వామికి నమస్కరించిన ఫలము కలుగునని మన పెద్దల భావన.

ఈ పేర్లన్నింటి వెనుకను ఒక మ్రొక్కు కలదు. సంతానము లేనివారు ఆ కొండ ఎక్కి, ఆ కోనేట మునిగి, బిడ్డ కలిగినచో నీ పేరు పెట్టుకొందుమని మ్రొక్కుకొనిరి. పేరు పెట్టుట ఆ మ్రొక్కు తీర్చుకొనుటయే. ఒక గ్రామములోని పాత పేర్లను వరుసగా చదివినచో ఆ గ్రామస్థులు ఏ ఏ క్షేత్రములకు కాలినడకను పోయిరో తెలియును. శాసనములు రాజుల యాత్రలను చెప్పును. సామాన్యుల యాత్రలను చెప్పునవి ఈ పేర్లే.

అందము లేని పేర్లు ఎందుకు పెట్టిరి?

ఇక మూడవది, బిడ్డ క్షేమము. పుల్లయ్య, పెంటయ్య, కుప్పయ్య, తవిటయ్య, భిక్షమయ్య వంటి పేర్లు విని నవ్వుకొనువారు ఈ భాగమును దయచేసి శ్రద్ధగా ఆలకింపవలెను.

పూర్వము పుట్టిన బిడ్డలు దక్కుట దుర్లభము. 1911 ప్రాంతమున మన దేశములో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో రమారమి 200 మంది ఏడాది నిండకుండగనే మరణించుచుండిరి. 2020 నాటి లెక్కలలో ఆ సంఖ్య 28. మశూచికము మన దేశమున చివరిసారిగా కనబడినది 1975లో. అంతకు పూర్వము ఒక యింట నలుగురైదుగురు బిడ్డలు వరుసగా పోవుట విన్నవారికి వింత కాదు. అట్టి తల్లి మరల గర్భవతియై బిడ్డను కన్నప్పుడు, ఈ బిడ్డపై మృత్యువు దృష్టి పడకుండ చేయుట ఎట్లు? మందు లేదు, వైద్యుడు లేడు. ఆమె చేతిలో మిగిలినది ఒక ఉపాయము. తన కంటివెలుగును పనికిరాని వస్తువని లోకమునకు చూపుట.

అన్నము తిని పారవేసిన ఎంగిలి విస్తరికి పుల్లాకు అని పేరు. బిడ్డను ఆ పుల్లాకులపై పొరలించి పుల్లయ్య యనిరి, పుల్లమ్మ యనిరి. పెంటకుప్పపై ఒక నిమిషము పరుండబెట్టి ఎత్తుకొని పెంటయ్య యనిరి, కుప్పయ్య యనిరి. పొరుగింటివారికి ఇచ్చివేసినట్లు చేసి, తవుడు కొలిచియిచ్చి తిరిగి కొని తెచ్చుకొని తవిటయ్య యనిరి, తవిటమ్మ యనిరి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఈ పేరు విస్తారముగా వినబడును. భిక్షగా లభించినవాడు భిక్షమయ్య, భిక్షపతి. పేరు ఎంత నీచముగా కనబడినచో ఆ బిడ్డ ఆ తల్లికి అంత ప్రియమైనవాడని గ్రహింపవలెను. అది వెక్కిరింత కాదు. అది రక్షరేకు.

ఇది మూఢత్వమని కొందరు అనవచ్చును. కాని శ్రీమద్భాగవత దశమస్కంధములో శ్రీకృష్ణుని నామకరణము ఎట్లు జరిగినదో స్మరింపుడు. వసుదేవుడు పంపగా గర్గముని గోకులమునకు వచ్చెను. యాదవ పురోహితుడు బహిరంగముగా సంస్కారము జరిపినచో ఈ బాలుడు దేవకీనందనుడేమో యని కంసునకు అనుమానము కలుగును. అందుచేత నందుని ప్రార్థనపై పశువుల కొట్టములో, తన వారికైనను తెలియకుండ, రహస్యముగా నామకరణము జరిపెను. ఆ సర్వేశ్వరునకు పెట్టిన పేరునకు మొదటి అర్థము నల్లనివాడు అనియే. ప్రాణభయముండగా పేరును మరుగున పెట్టుట మన సంప్రదాయములో క్రొత్త కాదు. ఉపనయనము వరకు తల్లిదండ్రులకు మాత్రమే తెలిసియుండవలసిన పేరు ఒకటి ఉండవలెనని ఆశ్వలాయనుడు కూడ చెప్పియున్నాడు. నందుని పశువుల కొట్టమునకును, మన ముత్తవ్వ పెంటకుప్పకును నడుమ దూరము మనము తలచునంత ఎక్కువ కాదు.

పేరు మనిషిని చిన్నవానిని చేయునా? 1934లో లవకుశను చలనచిత్రముగా తీసినవారు చిత్తజల్లు పుల్లయ్యగారు. 1963లో విడుదలైన రంగుల లవకుశను ప్రారంభించినదియు వారే. దానిని వారి కుమారుడు పూర్తి చేసెను. 1939లోను, మరల 1960లోను శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యమును తెరపై చూపినవారు మరియొక పుల్లయ్యగారు. సీతారాముల కథను, శ్రీనివాసుని కథను చూచి చేతులు జోడించిన లక్షలాది తెలుగువారు ఆ పేరును చూచి నవ్వలేదు.

ఇరువురికిని చోటు గలదు

అయినను యువ దంపతుల మాటలోని న్యాయమును మేము కాదనము. మ్రొక్కు మ్రొక్కినది ముత్తవ్వ, దానిని బడిలో మోయవలసినది పసివాడు. తోటి పిల్లల నవ్వు పెద్దలకు చిన్న విషయము, బాలునకు పెద్ద విషయము. పేరు మనోహరముగా, మంగళకరముగా ఉండవలెనని స్త్రీల విషయమున చెప్పిన మాటను అందరి బిడ్డల విషయమునను పాటించుటలో దోషము లేదు. బిడ్డ క్షేమము కొరకే ఒకనాడు ఆ పేరు పెట్టిరి. నేడు ఆ బిడ్డ క్షేమమును విచారించియే ఆ పేరును గూర్చి నిర్ణయింపవలెను.

శాస్త్రకారులు ఈ చిక్కును ముందే ఊహించిరి కాబోలు. బిడ్డకు ఒకే పేరు ఉండవలెనని వారు చెప్పలేదు. నక్షత్రనామము, మాసనామము, కులదేవతానామము, వ్యావహారికనామము అని నాలుగు విధములు చెప్పిరి. పత్రములలో వ్రాయునది, నలుగురు పిలుచునది వ్యావహారికనామము. తక్కినవి సంకల్పములో, పూజలో, ఇంటిలో నిలుచును. ఒక బియ్యపు పళ్ళెములో రెండు మూడు పేర్లు వ్రాయుట అందుకే ఆచారమైనది.

తిరువారూరులో 1762లో జన్మించిన శ్యామశాస్త్రిగారికి పెట్టిన పేరు వేంకటసుబ్రహ్మణ్యము. ఇంటివారు ముద్దుగా శ్యామకృష్ణుడని పిలిచిరి. తెలుగు కృతులలో ఆయన ముద్రగా నిలిచినది ఆ ముద్దుపేరే. అదే ఊరిలో 1767లో జన్మించిన త్యాగరాజస్వామివారికి ఆ క్షేత్రస్వామి పేరే పెట్టిరి. లోకమంతయు ఆ పేరుతోనే ఆయనను కొలుచుచున్నది. ఒకచోట పిలుపుపేరు నిలిచినది, ఒకచోట దేవుని పేరు నిలిచినది. ఏ పేరు నిలుచునో మనము నిర్ణయింపజాలము. పెట్టుట మాత్రమే మన వంతు.

మన ఇండ్లలో మరియొక మర్యాద కూడ ఉండెడిది. మామగారి పేరు కోడలు పలుకరాదు. ఆ పేరే బిడ్డకు పెట్టినచో ఆమె వానిని పేరు పెట్టి పిలువలేదు, కోపము వచ్చినను ఆ పేరుతో తిట్టలేదు. అందుచేత తాతా యనియో, నాన్నా యనియో, బుజ్జీ యనియో పిలిచెడిది. తాత పేరు బిడ్డకు తిట్ల నుండియు కాపుగా నిలిచినదన్నమాట.

భాగవత షష్ఠస్కంధములోని అజామిళోపాఖ్యానము భక్తులందరికిని తెలిసినదే. ధర్మభ్రష్టుడైన అజామిళుడు పదుగురు కుమారులలో కడపటివానికి నారాయణుడని పేరు పెట్టెను. మరణకాలమున యమకింకరులను చూచి భయపడి, ప్రేమతో ఆ కుమారుని పిలిచెను. విష్ణుదూతలు వచ్చి కాపాడిరి. భగవన్నామ మహిమను ఈ కథ చెప్పుచున్నది. దానితోపాటు మరియొక సంగతిని కూడ మనము గమనింతము. కడపటి క్షణమున మన నోట వచ్చు పేరు మనము ప్రేమతో పలుకుచు వచ్చిన పేరే. ఇష్టము లేక బలవంతముపై పెట్టిన పేరు ఎంత పవిత్రమైనదైనను ఇంటిలో పలుకువారు లేక మూలబడును.

కాబట్టి పెద్దలకు మా మనవి ఇది. పేరు అడుగుటకు ముందు ఆ పేరు కథ చెప్పుడు. కథ తెలియని పేరు పిల్లలకు బరువు. కథ తెలిసిన పేరు వారికి ఆస్తి. యువ దంపతులకు మా మనవి ఇది. పాత పేరును కాదనుటకు ముందు అది ఎట్లు వచ్చినదో అడుగుడు. అడిగిన పిమ్మట ఏ నిర్ణయము చేసినను అది తెలిసి చేసిన నిర్ణయమగును.

ఆనాడు మా మండపములో జరిగినదియు ఇదియే. మేము ఆ తాతగారిని, "అయ్యా, మీ నాన్నగారికి ఆ పేరెట్లు వచ్చినది?" అని అడిగితిమి. ఆయన కొంచెము సేపు ఊరకుండి, "మా నాయనమ్మకి ముందు ఐదుగురు పుట్టి పోయారండీ. ఆరోవాడు మా నాన్న. ఊరిలో పెళ్ళి జరుగుతుంటే, భోజనాలయ్యాక ఆ ఎంగిలాకుల మీద వాణ్ణి పొరలించి తెచ్చుకుంది. ఆ ఒక్కడూ దక్కాడు. ఆ ఒక్కడి వల్లే మేమందరం" అనిరి. కుమారుడు ఆశ్చర్యముతో తండ్రి వంక చూచెను. "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదే నాన్నగారూ" అనెను. "నువ్వు అడగలేదురా" అని ఆయన బదులిచ్చిరి.

అప్పుడు బియ్యముపై రెండు వరుసలు వ్రాయబడినవి. మొదటి వరుస దంపతులు కోరుకొనిన భగవన్నామము. రెండవ వరుస పుల్లయ్య. తండ్రి రెండు పేర్లను బిడ్డ చెవిలో ముమ్మారు పలికెను. బాలెంతరాలు మామగారితో, "మామయ్యగారూ, ఇక వీణ్ణి నేనెలా తిట్టేది?" అనగా మండపములోనివారందరును నవ్విరి. ఆ పెద్దాయన మాత్రము పైపంచెతో కన్నులు తుడుచుకొనిరి.

మన పితృదేవతలు మన నోటిలో జీవింతురుగాక. మన బిడ్డలు సంతోషముతో తమ పేర్లను ధరింతురుగాక.

స్వస్తి.